కాటా మేస్త్రీ మడిచిన కాగితం

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కాటాలు బాగుచేస్తాడు కనక కాటా మేస్త్రీ. ఇంటి ముందుగదే ఆయన పనిగది. గోడనిండా మేకులు, మేకులకు తక్కెడ పళ్ళేలు, బల్ల మీద పొట్టలు విప్పిన కాటాలు. గాలి తగలని మూలన, గాజు పెట్టెలో ఒక చిన్న కాటా ఉంటుంది. మందులు తయారుచేసేవాళ్ళు వాడే రకం. దాని మీద వెంట్రుక ముక్క పడినా అంకె మారుతుంది. ఆ మూలకు వెళ్ళేటప్పుడు మేస్త్రీ ఊపిరి బిగబడతాడు. ఇత్తడి తూకపు రాళ్ళను చేత్తో ముట్టుకోడు, చిన్న పట్టకారుతో ఎత్తుతాడు. వేలి జిడ్డుకు కూడా బరువుంటుందంటాడు.

ఆయనకు నమ్మకాలు తక్కువ. కళ్ళతో చూసినదాన్ని సగం నమ్ముతాడు, చేత్తో ఎత్తి చూసినదాన్ని అసలు నమ్మడు, తూచినదాన్ని మాత్రం నమ్ముతాడు. పాల ప్యాకెట్టు మీద అరలీటరని అచ్చువేసి ఉంటే, "అది వాళ్ళు వేసుకున్న అంకె" అంటాడు. కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో బరువు చెబితే, ఇంటికెళ్ళి రాళ్ళ పెట్టె పట్టుకొచ్చి, ఆసుపత్రి కాటా నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోందని తేల్చాడు. అప్పుడక్కడున్న పెద్ద సిస్టరు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"పుట్టిన గంటకే పిల్లని నలభై గ్రాములు చిక్కబెట్టిన తండ్రిని నిన్నే చూశానయ్యా" అంది.

భార్య ఆ మాటను ఎనిమిదేళ్ళుగా వాడుకుంటోంది. ఆవిడ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే చోట కటింగ్ చేస్తుంది. ఇంట్లో ఉన్నా మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది. మొగుడూ పెళ్ళాలు ఇద్దరిదీ కొలతల పనే అయినా, పద్ధతులు వేరు. ఆయనది వెంట్రుకవాసి తేడా రాని పని. ఆవిడ మాత్రం ప్రతి గౌను అంచులోనూ లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదులుతుంది.

"కొలిచినంతే కుట్టామనుకోండి, వచ్చే ఏడాదికి పిల్ల బయటా గౌను లోపలా ఉంటాయి" అంటుంది.

కూతుర్ని పిచ్చుక అంటారు. నడవాల్సిన చోట గెంతుతుంది కనక ఆ పేరు. దానికి రెండేళ్ళప్పుడు పక్కింటి ఆవిడ ప్రేమగా ఒక బిస్కెట్టు పెట్టింది. అందులో వేరుశనగ ఉంది. కాసేపట్లో పెదవులు ఉబ్బిపోయాయి, గొంతులోంచి ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. ఆ రోజు ఆసుపత్రికి ఆటోలో వెళ్ళిన పదకొండు నిమిషాలు మేస్త్రీకి ఇప్పటికీ లెక్క. ఆనాటి నుంచీ ఆ ఇంట్లోకి వచ్చే ప్రతి పొట్లాన్నీ వెనక్కి తిప్పి చదువుతారు. పిచ్చుకకు అక్షరాలు వచ్చింది కూడా బిస్కెట్టు ప్యాకెట్ల వెనకవైపు చదివే.

బడిలో భోజనాల గదిలో పిచ్చుక బల్ల వేరు. కిటికీ పక్కన ఒక్కదానికే. టీచర్లు మంచి ఉద్దేశంతోనే వేశారు. దాని స్నేహితురాలు రెండుజడల పిల్ల మాత్రం మూడో బల్ల దగ్గర కూర్చుని, అక్కణ్ణుంచే చేతులూపుతూ కబుర్లు చెబుతుంది.

"అది ఏం చెప్తుందో సగమే వినపడుతుందమ్మా" అంది పిచ్చుక ఒకసారి, జడ వేయించుకుంటూ. "మిగతా సగం నేనే కల్పించుకుంటా."

ఆ మాట విన్నాకే తల్లి, దీనికి వైద్యమేమైనా ఉందా అని ఆసుపత్రిలో అడిగింది.

వైద్యం చూడ్డానికి చిత్రంగా ఉంటుంది. ఏది పడదో అదే తినిపిస్తారు. వేరుశనగ పిండిని కంటికి కనబడీ కనబడనంతతో మొదలుపెట్టి, రోజూ ఇస్తూ, రెండు వారాలకోసారి కాస్త పెంచుతారు. పిచ్చుకకు ఉబ్బసం లేదని పరీక్షల్లో తేలాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"ముందే చెప్తున్నా, ఇది జబ్బుని తీసి పారేసే మందు కాదు" అంది. "వైద్యం జరిగినన్నాళ్ళూ దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు లాంటివి, వైద్యం చేయించని పిల్లలకంటే ఎక్కువగానే వస్తాయి. చాలావరకు తేలిగ్గా పోతాయి. ఒక్కోసారి పోవు, తొడకు నొక్కితే మందు ఎక్కే ఇంజెక్షను పెన్ను వాడాల్సి వస్తుంది. అందుకే డోసు పెంచే రోజు ఎప్పుడూ ఇక్కడే, మా కళ్ళముందే ఇస్తాం. గంటసేపు కూర్చోబెట్టి పంపిస్తాం."

"మరి లాభమేంటి మేడమ్?" అంది తల్లి.

"రోజుకి ఒక్క గింజంత తినే స్థాయికి వస్తే, పొరపాటున ఎక్కడైనా ఓ ముక్క నోట్లో పడినా ప్రాణం మీదికి రాకుండా ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. జాగ్రత్తలు అప్పుడూ ఉంటాయి. భయం తగ్గుతుంది."

మేస్త్రీ ఒకే ప్రశ్న అడిగాడు. "తూకం ఎవరు చూస్తారండీ?"

గది మూలనుంచి ఎవరో నవ్వారు. పెద్ద సిస్టరు. జుట్టు నెరిసింది, ఇప్పుడు ఈ విభాగంలో పనిచేస్తోంది. "నలభై గ్రాముల మేస్త్రీవి కదూ?" అంది.

డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. ఎడమవైపు వారాలు, వాటికెదురుగా ఎన్ని మిల్లీగ్రాములో అంకెలు. కుడివైపు జాగ్రత్తలు. ఖాళీ కడుపున ఇవ్వొద్దు. జ్వరం, దగ్గు, జలుబు, కడుపునొప్పి ఉంటే ఇచ్చేముందే ఫోన్ చెయ్యండి. తిన్నాక రెండు గంటలు పరుగులు, గెంతులు, వేణ్ణీళ్ళ స్నానం వద్దు.

మేస్త్రీ ఆ కాగితాన్ని గాజు పెట్టె పక్కన గోడకు తగిలించాడు. స్థలం తక్కువ కాబట్టి నిలువునా మడిచాడు. అంకెల సగం ఇటు, జాగ్రత్తల సగం గోడవైపు.

తప్పు అక్కడ జరిగింది. కానీ నాలుగో నెలదాకా అది ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే ఆ జాగ్రత్తలన్నీ తల్లి మనసులో ఉన్నాయి. సాయంత్రం పని నుంచి వచ్చి, పిల్ల నుదురు తాకి చూసి, రొట్టె తినిపించి, ఆపిల్ గుజ్జులో పొడి కలిపి పెట్టేది. తర్వాత పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని గుండీలు కుట్టిస్తూ రెండు గంటలు గడిపేసేది. మేస్త్రీ వంతు పని అంతకుముందే అయిపోయేది. ఆసుపత్రివాళ్ళు రోజుకొకటి చొప్పున కట్టి ఇచ్చిన పొట్లాలను ఆయన మళ్ళీ గాజు పెట్టెలో పెట్టి తూచేవాడు. తేడా ఉంటే ఏం చేసేవాడో గానీ, ఎప్పుడూ తేడా రాలేదు. అందుకు ఆయనకు కాస్త నిరాశగా ఉండేదని భార్య అనుమానం.

నాలుగో నెలలో ఒక రోజు ఆవిడకు పని ఎక్కువైంది. "నేను వచ్చేదాకా ఆగండి" అని ఫోన్ చేసింది. ఐదయింది. ఐదుకి ఇవ్వాల్సింది ఐదుకే ఇవ్వాలని మేస్త్రీ అనుకున్నాడు. పిచ్చుక పొద్దుటి నుంచీ ముక్కు చీదుతోంది. బుగ్గలు కాస్త ఎర్రగా ఉన్నాయి. ఆయన చూడకపోలేదు. నిన్నటి పొట్లం బరువూ ఇవాళ్టి పొట్లం బరువూ ఒక్కటే అయినప్పుడు, ముక్కుకీ దీనికీ సంబంధమేమిటనుకున్నాడు. కలిపి తినిపించాడు.

అరగంట తర్వాత వెనక వసారాలోంచి తాడు నేలకు తగులుతున్న చప్పుడు వినిపించింది. బడిలో తాడాట పోటీ దగ్గరకొచ్చింది. మేస్త్రీ విప్పిన కాటాకు స్ప్రింగు బిగిస్తూ, అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. నూట పద్దెనిమిది వరకు ఆగలేదు. ఆయనకు ముచ్చటేసింది.

నూట పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది.

పిచ్చుక తలుపు దగ్గరికి వచ్చింది. "నాన్నా, నాలుక దురదగా ఉంది" అంది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. దగ్గింది. మళ్ళీ దగ్గింది.

తలుపు పక్క మేకుకు ఇంజెక్షను పెన్నున్న సంచి వేలాడుతోంది. ఎలా వాడాలో ఆయనకు సిస్టరు రెండుసార్లు చూపించింది. ఆయన ఆ సంచివైపు వెళ్ళలేదు. గాజు పెట్టె దగ్గరికి వెళ్ళాడు. రేపటి పొట్లం తీసి పళ్ళెంలో పెట్టాడు. అంకె నిలవడం లేదు. తన ఊపిరే దాన్ని కదిలిస్తోందని తెలిసి నోరు మూసుకున్నాడు. వెనక పిల్ల వాంతి చేసుకుంటోంది. పొట్లం సరిగ్గా ఉంది. ఇంకోసారి పెట్టాడు. సరిగ్గానే ఉంది.

అప్పుడే వీధి తలుపు తీసుకుని భార్య వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది.

"ఏం చేస్తున్నారు?"

"తూకం సరిగ్గానే ఉంది" అన్నాడు ఆయన.

ఆవిడ సంచిలోంచి పెన్ను లాగి, మూత తీసి, పిల్ల తొడకు బయటివైపు గట్టిగా నొక్కి మూడు లెక్కపెట్టింది. ఊపిరి ఆడేలా గోడకు ఆనించి కూర్చోబెట్టి, "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అంది. ఆ పని ఆయన చేశాడు.

పిచ్చుక కోలుకుంది. అంబులెన్సు వచ్చేసరికే దగ్గు తగ్గింది. ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచి చూశారు. మంచం పక్కన పెద్ద సిస్టరు కాగితం పట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. జలుబుందా? ఉంది. జ్వరం చూశారా? చూడలేదు. తిన్నాక గెంతిందా?

"నూట పద్దెనిమిది" అన్నాడు మేస్త్రీ.

సిస్టరు కలం ఆపి ఆయన వంక చూసింది.

"డోసు మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు సిస్టర్. రెండుసార్లు చూశాను."

"డోసు మారలేదు మేస్త్రీ. పిల్ల మారింది. నిన్న ఈ పొడిని తట్టుకున్న ఒళ్ళు, జలుబు చేసినప్పుడు, గెంతినప్పుడు తట్టుకోలేకపోవచ్చు. కాగితంలో రాసిచ్చాం కదా."

ఇంటికొచ్చాక మేస్త్రీ రెండు రోజులు విప్పిన కాటాలు బిగిస్తూనే గడిపాడు. మూడో రోజు అన్నం దగ్గర, "ఇక ఆపేద్దాం" అన్నాడు. "కిటికీ పక్క బల్లకి ఏమైంది? గాలి బాగా వస్తుంది."

"మీరు ఆ బల్ల దగ్గర ఒక రోజు కూర్చుని చూడండి" అంది భార్య. కోపంగా కాదు. ఆవిడకూ భయంగానే ఉంది. పెన్ను నొక్కిన క్షణం ఆవిడకు ఇంకా గుర్తొస్తోంది.

డాక్టరమ్మ కూడా బలవంతం చెయ్యలేదు. "ఆపడం తప్పేం కాదు, చాలామంది ఆపుతారు" అంది. "కొనసాగిస్తే, ఒక మెట్టు దిగి, తక్కువ డోసుతో ఇక్కడే మళ్ళీ మొదలుపెడదాం. జలుబు పూర్తిగా తగ్గనివ్వండి. ఈలోగా ఆలోచించుకోండి. పిల్లని కూడా అడగండి."

పిల్లని అడిగితే, "నాకు భయమేసింది" అంది. జడ కొస లాక్కుంటూ, "కానీ మూడో బల్ల కావాలి" అంది.

మేస్త్రీ రాళ్ళ పెట్టె తీసుకుని పనిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మార్కెట్టులో కూరగాయల దుకాణంవాడు గోల పెడుతున్నాడు. వారం కిందట బాగుచేసిన కాటా మళ్ళీ తప్పు చూపిస్తోందట.

"నువ్విచ్చిన రాళ్ళతోనే చూశాను మేస్త్రీ. రాళ్ళల్లో ఏం తేడా లేదు. నీ రిపేరే బాలేదు."

మేస్త్రీ వంగి చూశాడు. కాటాని తలుపు దగ్గరికి జరిపారు. నేల ఏటవాలుగా ఉంది. కాటా అంచునున్న రసమట్టంలో బుడగ ఒక పక్కకు పోయి కూర్చుంది. పైన కొత్తగా పెట్టిన ఫ్యాను గాలి నేరుగా పళ్ళెం మీద పడుతోంది.

"రాళ్ళు సరిగ్గా ఉంటే సరిపోతుందా?" అని కసిరాడు. "కాటా ఎలా ఉందో చూసుకోవద్దూ? రోజూ పొద్దున్న పళ్ళెం ఖాళీగా పెట్టి, సున్నా చూపిస్తోందా లేదా చూడమని ఎన్నిసార్లు చెప్పాను? నిన్న సున్నా చూపించిందని ఇవాళా చూపిస్తుందా? చోటు మారింది, గాలి మారింది. అది కూడా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. దుకాణంవాడు తిట్లు ఇంకా ఉన్నాయేమోనని ఎదురుచూశాడు.

"అది కూడా ఏంటి మేస్త్రీ?"

"ఏం లేదు. ఫ్యాను అటు తిప్పుకో."

ఆ మధ్యాహ్నం ఇంకో రెండు దుకాణాలకు వెళ్ళాల్సి ఉన్నా వెళ్ళలేదు. ఇంటికొచ్చి గోడ మీది కాగితం తీశాడు. మడత దగ్గర కాగితం నలిగి తెల్లబడింది. చేత్తో సాపు చేసి, కుడివైపు సగాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత మళ్ళీ చదివాడు. దాన్ని తగిలించడానికి గోడ మీద రెండు పళ్ళేలు తీసేసి చోటు చేశాడు.

సాయంత్రం భార్య వచ్చి ఆ విప్పిన కాగితాన్ని చూసింది. చెప్పులు విప్పి దాని దగ్గరికి వెళ్ళింది.

"నేను కాగితం మడిచాను" అన్నాడు మేస్త్రీ, కిటికీ వంక చూస్తూ. "నువ్వు గుడ్డ లోపలికి మడిచి వదులుతావు, పిల్ల పెరుగుతుందని. పిల్ల మారుతుందని రాసిన సగాన్నే నేను గోడవైపు పెట్టేశాను."

"ఆ రోజు మీరు పెన్ను తియ్యలేదు" అంది ఆవిడ. అప్పటిదాకా అనని మాట అది.

"తియ్యలేదు. సిస్టరు దగ్గర మళ్ళీ నేర్చుకుంటా."

నేర్చుకున్నాడు. లోపల సూదీ మందూ లేని పెన్నుతో, సిస్టరు ఎదురుగా, తన తొడ మీదే పాతికసార్లు సాధన చేశాడు. "చాల్లేవయ్యా, ప్యాంటు చిరుగుతుంది" అని సిస్టరు అనేదాకా ఆపలేదు.

వైద్యం ఒక మెట్టు కింది నుంచి మళ్ళీ మొదలైంది. పొట్లాలను తూచడం ఆయన మానేశాడు. బదులుగా డోసు ముందు పిచ్చుకను బల్ల మీద కూర్చోబెట్టి, కాటాను పరీక్షించినట్టు పరీక్షించేవాడు. నుదురు, గొంతు, ముక్కు, కడుపు. ఏం తిన్నావ్, ఎంత నిద్రపోయావ్. తాడు ఎక్కడుంది? తాడు ఆయన చేతికి ఇవ్వాలి. రెండు గంటల తర్వాతే తిరిగి ఇస్తాడు.

"సున్నా చూపిస్తోందా?" అని అడిగేవాడు చివరికి.

"చూపిస్తోంది నాన్నా. ముద్ర వెయ్యి" అని పిచ్చుక నుదురు ముందుకు పెట్టేది. ఆయన బొటనవేలితో నుదుటి మీద నొక్కేవాడు. కాటాలకు తనిఖీ అయ్యాక వేసే ముద్ర అన్నమాట.

రెండుసార్లు పెదవుల దగ్గర దద్దుర్లు లేచి, అరగంటలో వాటంతటవే పోయాయి. ఒకసారి కడుపునొప్పి నాలుగు రోజులు వదల్లేదు. డాక్టరమ్మ పెంచడం ఆపేసి, మూడు వారాలు అదే డోసు మీద ఉంచింది. ప్రతిసారీ మేస్త్రీ ఫోన్ తీసి, సిస్టరుకి ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

చివరి మెట్టు ఎక్కే రోజు దగ్గరికొచ్చింది. ఆ రోజు ఆసుపత్రిలో పొడి కాకుండా గింజంతా ఇస్తారు. అది తట్టుకుని కొన్నాళ్ళు నిలకడగా ఉంటే బల్ల మార్చవచ్చని బడివాళ్ళు ఒప్పుకున్నారు. రెండుజడల పిల్ల అప్పుడే తన పక్కన సంచి పెట్టి చోటు పట్టి ఉంచిందట. తల్లి పని దగ్గర సెలవు పెట్టింది. ముగ్గురూ చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉన్నారు.

"నాన్నా" అంది పిచ్చుక. చెప్పు వేసుకున్న కాలు మళ్ళీ బయటికి తీసింది. "ఇవాళ సున్నా లేదు."

"ఏమైంది?"

"పొద్దున్న గొంతు నొప్పి పెట్టింది. చెప్తే ఇవాళ వద్దంటారని చెప్పలేదు." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కొంచెమే. సున్నా గీతకి కాస్త ఇటు. కానీ లేదు."

తల్లి నుదురు తాకింది. పెద్ద వేడి లేదు. తాకి చూసి కనిపెట్టగలిగేంత లేదు. మేస్త్రీ కింద కూర్చుని, కూతురి రెండో చెప్పు కూడా విప్పాడు.

"ఎన్నో కాటాలు చూశానే" అన్నాడు. "నేను తప్పు చూపిస్తున్నాను అని దానంతట అది చెప్పిన కాటాని ఇవాళే చూశాను."

"ఏడిపించకు నాన్నా."

"ఏడిపించడం లేదు. నిజమే చెప్తున్నా."

ఆసుపత్రికి ఫోన్ చేశాడు. సిస్టరు రెండు వారాలు వాయిదా వేసింది. "పిల్లే చెప్పిందా?" అని అడిగి, "అయితే మా పని చాలావరకు అయిపోయినట్టే మేస్త్రీ" అంది.

రెండు వారాల తర్వాత వెళ్ళారు. పింగాణీ గిన్నెలో ఒకే ఒక గింజ, రెండు బద్దలు. పిచ్చుక మొదటి బద్ద నమిలి, ముఖం వికారంగా పెట్టి, "దీనికోసమా ఇంత గొడవ?" అంది. సిస్టరు నవ్వింది. ఆ తర్వాతి గంటలో మేస్త్రీ గోడగడియారం వైపు చూడకుండా పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఏమీ జరగలేదు.

రోజుకొక గింజ ఇప్పటికీ నడుస్తోంది. ప్యాకెట్ల వెనకవైపు ఇంకా చదువుతారు. పెన్ను సంచి పిచ్చుక నడుముకు ఉంటుంది. సాయంత్రం ఐదుకి ముందు బల్ల మీద తనిఖీ జరుగుతుంది, లేదంటే డోసు లేదు.

మొన్న బడిలో పిల్లల బరువు చూసే కాటా పాడైందని మేస్త్రీని పిలిచారు. పని అయ్యేసరికి భోజనాల వేళయింది. రాళ్ళ పెట్టె పట్టుకుని వరండాలో వెళ్తూ ఆయన భోజనాల గదిలోకి తొంగి చూశాడు. కిటికీ పక్క బల్ల మీద ఎవరివో పుస్తకాల సంచులు కుప్పగా పడి ఉన్నాయి. మూడో బల్ల దగ్గర రెండుజడల పిల్ల చేతులూపుతూ ఏదో చెబుతోంది. ఆమె పక్కన పిచ్చుక నోటినిండా రొట్టె పెట్టుకుని వింటోంది, మొత్తం వింటోంది. తండ్రిని చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా సున్నా చుట్టి చూపించింది.

మేస్త్రీ పెట్టెను ఒక చేతి నుంచి రెండో చేతికి మార్చుకుని, తనూ వేళ్ళతో సున్నా చుట్టి చూపించాడు.